పడిపోయిందని రాయించారు

ఈ సంచిక పనులు సగంలో ఉండగా ఒక శనివారం సాయంత్రం ఆమె మా ఆఫీసుకి వచ్చింది. ఎడమ చెయ్యి కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. మంచినీళ్ల గ్లాసు ఇస్తే కుడిచేత్తోనే అందుకుంది. చెయ్యి చూపించమని అడిగాక బయటికి తీసింది. మణికట్టు దగ్గర అడ్డంగా మచ్చ ఉంది. చివరి రెండు వేళ్లు వంగవు. "చీర మడత పెట్టలేకపోతున్నానక్కా" అంది. పదకొండేళ్లుగా ఆమె చేసిన పని చీరలు పరచడం, మడత పెట్టడం.

ఆమెను చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టినందుకు సంతోషించే పరిస్థితి కాదు. ఎందుకో చెబుతాను.

2023లో దసరాకి ముందు ఆదివారం. మా జిల్లా కేంద్రంలో ఒక పెద్ద బట్టల కొట్టు. పై అంతస్తులో కాలు పెట్టడానికి చోటు లేదు. ముందు వారం కొన్న పట్టుచీరని వెనక్కి తీసుకోమంటూ ఒకాయన భార్యతో వచ్చాడు. చీర ఒకసారి కట్టినట్టు అంచు మీద మరక ఉంది. వెనక్కి తీసుకునే అధికారం ఈమెకి లేదు, మేనేజరుని పిలుస్తానంది. "నీతో మాట్లాడితే నువ్వే చెప్పు" అని ఆయన గొంతు పెంచాడు. ఆమె వెనక్కి తిరిగి మేనేజరుని కేకేస్తుండగా భుజం పట్టుకుని తోశాడు. వెనక షోకేసు అద్దం. అద్దం పగిలింది, మణికట్టు తెగింది. రక్తం పట్టుచీరల మీద పడకుండా పక్క అమ్మాయిలు చీరలు లాగేశారు. ఆ సంగతి చెబుతూ ఆమె నవ్వింది. "వాళ్ల తప్పేం లేదక్కా, చీర పాడైతే వాళ్ల జీతంలో కోస్తారు."

కొట్టు వాళ్లు ఆమెను దగ్గర్లోని ప్రైవేటు నర్సింగ్ హోముకి తీసుకెళ్లి కుట్లు వేయించారు. ప్రభుత్వాసుపత్రికి వెళితే పోలీసు కేసవుతుందని వాళ్లకి తెలుసు. చీటీలో "కాలు జారి పడిపోయింది" అని రాయించారు. తెగినది చర్మమొక్కటే కాదు, వేళ్లని వంచే నరం లాంటి తీగ కూడా తెగిందని ఎవరూ చూడలేదు. చూసే డాక్టరు దగ్గరికి మొదటి వారంలో వెళ్లుంటే అతికేదని ఇప్పుడు చెబుతున్నారు.

వారం తర్వాత కొట్లోనే పంచాయితీ జరిగింది. తోసినాయన ఊళ్లో పేరున్న మనిషి, కొట్టుకి పాత ఖాతాదారు. యజమాని, ఆమె భర్త, ఇద్దరు పెద్దమనుషులు, వాళ్లతోపాటు మా సంఘం తరఫున మేమిద్దరం కూర్చున్నాం. పన్నెండు వేలకి రాజీ కుదిరింది. అందులో ఆస్పత్రి బిల్లు 4,300 కొట్టు వాళ్లు పట్టుకున్నారు. "పండగ రోజుల్లో కేసంటూ తిరిగితే ఉద్యోగం పోతుంది, పిల్లల చదువులున్నాయి" అని ఆమెకి నచ్చజెప్పింది నేనే. భార్యాభర్తల పంచాయితీల్లో ఏళ్ల తరబడి మాట్లాడి మాట్లాడి నోటికొచ్చేసిన మాటలవి. ఆ రోజు ఇంటికొచ్చి, ఒక తగాదా మంచిగా తెగిందనుకుని నిద్రపోయాను కూడా.

తగాదా అనుకోవడంలోనే మేం చేసిన తప్పంతా ఉంది. ఆయనకీ ఆమెకీ ఏ తగాదా లేదు. ఆయనెవరో ఆమెకి తెలియదు. ఆ చీర ఆమెది కాదు, ఆ నియమం ఆమె పెట్టింది కాదు. ఆ క్షణంలో ఆమె అక్కడ నిలబడింది ఉద్యోగం చెయ్యడానికి. ఆ ఉద్యోగంలో ఉన్న ఎవరికైనా ఆ దెబ్బ తగిలేదే. యంత్రంలో చెయ్యి పడి వేలు తెగితే ప్రమాదం అంటాం, నష్టపరిహారం అడుగుతాం, యూనియన్ జెండా పట్టుకుని గేటు దగ్గర కూర్చుంటాం. కొనడానికి వచ్చినవాడు తోస్తే వేలు పోయింది. ఇదెందుకు ప్రమాదం కాకుండా పోయింది? ఇందులో ఒక మనిషి ఉన్నాడు కాబట్టా?

మా వకీలు మిత్రురాలిని ఈ ప్రశ్న అడిగాను. ఆమె నవ్వి, నూట పాతికేళ్ల నాటి సంగతి అడుగుతున్నావంది. 1905లో ఇంగ్లండులో ఒక రైలు డ్రైవరు బండి నడుపుతుంటే వంతెన మీంచి ఒక పిల్లవాడు రాయి విసిరాడు. డ్రైవరు గాయపడ్డాడు. ఇది ప్రమాదం కాదు, ఎవరో కావాలని విసిరిన రాయి అని రైల్వే కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. 1910లో ఇంకో కేసు వచ్చింది. గని కార్మికులకి జీతాలు పంచడానికి డబ్బు సంచీతో రైల్లో వెళుతున్న క్యాషియరుని దోపిడీ కోసం చంపేశారు. అతని భార్య పరిహారం అడిగింది. హత్యని ప్రమాదం అనడమేమిటని యజమానులు వాదించారు. చంపినవాడి వైపు నుంచి చూస్తే అది హత్యే, చచ్చిపోయినవాడి వైపు నుంచి చూస్తే అతను కోరుకోని, ఊహించని ఆపద, డబ్బు మోసుకెళ్లే ఉద్యోగమే అతన్ని ఆ ఆపదలో పెట్టింది కాబట్టి అది ప్రమాదమేనంది కోర్టు. ఆ విధవరాలు గెలిచింది.

ఇది ఇంగ్లండు సంగతి అని కొట్టిపారెయ్యడానికి లేదు. 2000లో మన సుప్రీంకోర్టు రీతాదేవి కేసులో ఈ తీర్పుల్నే చేతిలోకి తీసుకుంది. నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో 1995లో ప్రయాణికుల్లా ఆటో ఎక్కినవాళ్లు డ్రైవర్ని చంపి ఆటో ఎత్తుకుపోయారు. అది మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన కేసు. ప్రమాదం అంటే ఏమిటో తేల్చడానికి కోర్టు కార్మిక పరిహారం కేసుల్నే ఆధారం చేసుకుంది. ఆ మనిషినే చంపాలని వచ్చి చంపితే అది వట్టి హత్య. ఆటో కాజెయ్యడం కోసం వచ్చి, ఆ పనిలో భాగంగా చంపితే అది చనిపోయిన డ్రైవరుకి సంబంధించినంతవరకు ప్రమాదం. కుటుంబానికి పరిహారం ఇవ్వాలంది.

ఈ సంగతులు నాకు ముందే తెలిసి ఉంటే ఆ పంచాయితీలో నేను కూర్చునేదాన్ని కాదు.

ఇంకో సంగతి కూడా తెలియాల్సింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కొట్టు ఈఎస్‌ఐ కిందికి వస్తుంది. నెల జీతం 21 వేలు దాటని వాళ్లందరికీ వర్తిస్తుంది. కార్మికురాలి జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. మామూలు జబ్బు చేస్తే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే లెక్క ఉంది గాని, పనిలో గాయమైతే ఆ లెక్క లేదు. చేరిన మొదటి రోజున గాయపడినా హక్కుంది. పనికి వెళ్లలేని రోజులకి రోజు జీతంలో తొంభై శాతం ఇస్తారు. వేళ్లు శాశ్వతంగా పోతే, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో మెడికల్ బోర్డు తేల్చి, దాని ప్రకారం బతికినంతకాలం నెలనెలా ఇస్తారు. పని చేస్తుండగా జరిగిన ప్రమాదం పని వల్ల జరిగిందేనని, అలా కాదనడానికి సాక్ష్యం లేనప్పుడు, అనుకోవాలని 1948 చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి నిలబడింది. ఈ మాట అందులోనూ ఉంది.

బతికినంతకాలం రావలసిన డబ్బుకి మేం మాట్లాడి ఇప్పించింది పన్నెండు వేలు. చేతికొచ్చింది 7,700.

కొట్టు పుస్తకంలో తొమ్మిది పేర్లే ఉన్నాయి. పదో పేరు రాస్తే ఈఎస్‌ఐ వస్తుంది, అందుకని తొమ్మిది దగ్గర కలం ఆగిపోతుంది. ఈ విద్య మన ఊళ్లలో చాలా కొట్లకి తెలుసు. జీతం చేతికిస్తారు, చీటీ ఉండదు. ఆమె జీతం 9,500 అనడానికి ఆమె మాట తప్ప కాగితం లేదు. అయితే పేరు పుస్తకంలో లేనంత మాత్రాన కార్మికురాలు కాకుండా పోదు. యజమాని చందా కట్టకపోతే కార్పొరేషనే ఆమెకి ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆమె అక్కడ పనిచేసిందని చూపించాలి, అంతే. ఆ రోజు సాయంత్రం ఆమె ఫోనులో ఒక ఫొటో తీసి చూపించింది. 2022లో ఆయుధపూజ నాడు కొట్టు ముందు సిబ్బంది అంతా నిలబడి తీయించుకున్న ఫొటో. యూనిఫారం చీరలు, ఛాతీ మీద పేరు బిళ్లలు. ముప్ఫైనాలుగు తలలు లెక్కపెట్టాం.

ఇలాంటి ఫొటోలు మీ ఊళ్లో అమ్మాయిల దగ్గర కూడా ఉంటాయి. దాచుకోమనండి.

ఇది రాస్తుంటే భంవరీదేవి గుర్తుకొచ్చింది. విశాఖ తీర్పు గురించి మనం ఎన్ని శిక్షణా తరగతులు పెట్టామో లెక్కలేదు. కాని ఆమె కథని అత్యాచారం కథగా చెప్పుకున్నంతగా పనిలో జరిగిన దాడి కథగా చెప్పుకోలేదు. 1992లో రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో సాథిన్. బాల్యవివాహాలు ఆపడం ఆమె ఉద్యోగంలో భాగం. ఆ ఉద్యోగం చేసినందుకే దాడి జరిగింది. దాడి చేసినవాళ్లు ఆమె పై అధికారులు కారు, తోటి ఉద్యోగులు కారు, బయటివాళ్లు. అందుకే 1997 నాటి విశాఖ మార్గదర్శకాల్లో బయటి వ్యక్తుల వేధింపు గురించి విడిగా ఒక అంశం ఉంది. 2013 చట్టం పంతొమ్మిదో సెక్షను కూడా పనిచోటికి వచ్చిపోయే వ్యక్తుల నుంచి భద్రత కల్పించడం యజమాని బాధ్యత అంటుంది. మన తరగతుల్లో ఎప్పుడూ బాసు, సహోద్యోగి, కమిటీ గురించే మాట్లాడతాం. కొనుక్కోవడానికి వచ్చినవాడి ఊసు రాదు. చీర కొలిచి చూపించే నెపంతో చెయ్యి పట్టుకునేవాడి గురించి, జాకెట్టు గుడ్డ "నీ మీద వేసుకుని చూపించు" అనేవాడి గురించి కొట్టు అమ్మాయిల్ని అడగండి. వాళ్లు ఎవరికీ ఫిర్యాదు చెయ్యరు. "బేరం పోతుంది" అని యజమాని అంటాడని వాళ్లకి తెలుసు.

దాడి అనేది ఒక్కసారిగా ఆకాశంలోంచి ఊడిపడదు. రోజుకి పది పన్నెండు గంటలు నిలబెట్టి, గోడకీ కౌంటరుకీ మధ్య మూడడుగుల సందులో బంధించి, ఎవరేమన్నా నవ్వుతూనే ఉండాలని నేర్పిన చోట జరుగుతుంది. ఆమెకి వెనక్కి తప్పుకునే దారి లేదు, వెనక అద్దం ఉంది. మొన్న ఆమెతో మాట్లాడుతుండగా ఇంకో ఇద్దరు కొట్టు అమ్మాయిలు వచ్చారు. మాట దెబ్బల నుంచి కాళ్ల మీదికి మళ్లింది. పిక్కల మీద ఉబ్బిన నీలం నరాలు చూపించారు. పొద్దున్నించి నీళ్లు తాగరట. తాగితే కిందికి వెళ్లాలి, వెళితే కౌంటరు ఖాళీ, ఖాళీ అయితే కోత. మూత్రంలో మంట అందరికీ మామూలే. ఇవీ పనిలో తగిలిన గాయాలే. కాకపోతే ఇవి ఒక్కరోజులో తగలవు.

కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి కొట్లలో పనిచేసే స్త్రీలు ఈ పనిని మనకంటే ముందే చేశారు. కుట్టుపని చేసుకునే విజి ఆ వీధి ఆడవాళ్లని పోగుచేసి 'పెణ్‌కూట్టు' పెట్టింది. మొదట అడిగింది మరుగుదొడ్డి. తర్వాత కూర్చునే హక్కు. కూర్చోవాలంటే ఇంట్లోనే కూర్చోండని వ్యాపారులు ఎగతాళి చేశారు. 2014లో త్రిసూర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం ముందు స్త్రీలు రోజుల తరబడి సమ్మెలో కూర్చున్నారు. చివరికి 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఇప్పుడు అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో కూడా నిలబడి పనిచేయవలసిన వాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని ఉంది. మన ఊరి కొట్లోకి వెళ్లి చూడండి, ఒక్క స్టూలు కనిపిస్తుందేమో. కొనేవాళ్లకి వేసిన మెత్తటి సోఫా కనిపిస్తుంది.

ఆ సోఫాలో కూర్చునేది ఎవరు? నేను కూర్చున్నాను. మార్చి 8 సభకి ఒకే రంగు చీరలు కావాలని అయిదుగురం వెళ్లి అరవై చీరలు పరిపించి, రంగు కుదరలేదని లేచి వచ్చేశాం. ఆ అమ్మాయి మొహం నాకు గుర్తు లేదు.

రాత్రి వ్యాపారం గురించి కూడా ఆలోచించాలి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం రుసుము కట్టిన దుకాణాలు ఇరవై నాలుగు గంటలూ తెరుచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. రాత్రి పని స్త్రీలకి వద్దనే వాదన నాది కాదు. ఆ వాదన మన ఉద్యోగాల్నే మింగేస్తుంది. కానీ రాత్రి గల్లాపెట్టె దగ్గర ఒంటరిగా నిలబడిన మనిషికి ఏమవుతుందో మనవాళ్లే దూరదేశంలో చూపించి వెళ్లారు. 2023లో ఒహాయో రాష్ట్రంలో, 2024లో చికాగోలో, 2025లో డాలస్‌లో పెట్రోలు బంకుల్లో పనిచేస్తున్న తెలుగు కుర్రవాళ్లు కాల్పుల్లో చనిపోయారు. చదువుకోవడానికి వెళ్లి, ఖర్చుల కోసం గల్లా దగ్గర నిలబడ్డవాళ్లు. మన పత్రికలన్నీ అమెరికాలో తుపాకుల సంస్కృతి అని రాశాయి. అది నిజమే. వాళ్లు పనిచోటే కాల్పులకి గురయ్యారన్న మాట మాత్రం ఎక్కడో ఒక మూలన పడింది. అక్కడి ప్రభుత్వ వృత్తి భద్రతా సంస్థే 1996లో చెప్పింది, ఆ దేశంలో పనిచోట స్త్రీల మరణాలకి మొదటి కారణం యంత్రాలు కావు, హత్యలని. దానికి విరుగుడూ అక్కడివాళ్లే కనిపెట్టారు. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ ఊరు 1987లోనే రాత్రిళ్లు చిన్న కొట్లలో ఇద్దరు గుమాస్తాలు ఉండి తీరాలని నిబంధన పెట్టింది. ఇద్దరు మనుషులు, అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. స్కాట్లండ్ 2021లో దుకాణ ఉద్యోగుల మీద దాడిని ప్రత్యేక నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. శిక్షలు పెంచితే దాడులు ఆగుతాయన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. కాని దెబ్బ తిన్నవాళ్ల పని పేరు పెట్టి ఒక చట్టం ఉండటంలో ఒక గుర్తింపు ఉంది.

ఇక్కడ ఒక చిక్కుని దాచకూడదు. కొట్టు అమ్మాయిల మీద చెయ్యి చేసుకునేవాళ్లలో కొనేవాళ్లే కాదు, భర్తలు, వెంటపడేవాళ్లు కూడా ఉన్నారు. జీతం రోజున తాగి వచ్చి కౌంటరు దగ్గరే జుట్టు పట్టుకునే భర్తని మనందరం చూశాం. చట్టం దగ్గరికి వెళితే ఇది సొంత కక్ష, పనికి సంబంధం లేదంటారు. దిమాపూర్ కేసులో కోర్టు గీసిన గీత ప్రకారమైతే ఆ మాట నిలబడుతుంది కూడా. కానీ ఇంట్లోంచి పారిపోయి హాస్టల్లో ఉంటున్న ఆడమనిషిని ఆ భర్త ఎక్కడ పట్టుకోగలడు? ఎవరైనా లోపలికి రావచ్చని తలుపులు తెరిచి, ఫలానా కౌంటరు దగ్గర ఫలానా గంటలు నిలబడి ఉండే చోటే. హింస, వేధింపుల మీద 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 190వ ఒప్పందం బయటివాళ్ల దాడిని మాత్రమే కాదు, ఇంటి హింస పనిచోటుకి వెంటాడి రావడాన్ని కూడా పట్టించుకుంది. 2021 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందాన్ని మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు. దాని కోసం మనం ఒక్క ఊరేగింపు తీసినట్టు నాకు గుర్తులేదు.

మళ్లీ ఆమె దగ్గరికి. కిందటి సోమవారం ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి తీసుకెళ్లాం. గాయం సంగతి ఆమే చెప్పనక్కర్లేదు, ఆమె తరఫున ఎవరైనా చెప్పవచ్చునని, కొట్లో ప్రమాదాల పుస్తకం ఒకటి ఉండాలని అప్పుడు తెలిసింది. మన కేంద్రాలకి వచ్చే ప్రతి కేసు కాగితంలో ఇకనుంచి ఒక ప్రశ్న చేర్చాం: దెబ్బ తగిలినప్పుడు మీరు డ్యూటీలో ఉన్నారా? ఉన్నారంటే ముందు ప్రభుత్వాసుపత్రి, "పడిపోయింది" అని కాకుండా "ఫలానా వ్యక్తి తోస్తే" అని రాయించడం, తర్వాతే ఇంకేదైనా. మీ ఊళ్లలోనూ ఇలా చేస్తే మాకు రాయండి. ఎక్కడ పని జరిగిందో, ఎక్కడ జరగలేదో రెండూ రాయండి.

ఫొటో పనికొచ్చింది. కొట్లో పనిచేసి మానేసిన ఇద్దరు ఆమెకి సాక్ష్యం చెబుతామన్నారు. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లెవరూ ముందుకి రాలేదు, వాళ్లని నేనేమీ అనను. యజమాని నాకు ఫోన్ చేసి, "అమ్మా, ఆ రోజు మీరే కదా కూర్చోబెట్టి తేల్చారు, మళ్లీ ఇదేమిటి?" అన్నాడు. అవునన్నాను.

ఆఫీసులో కాగితాలు చూసినాయన మంచివాడే. ఇంత ఆలస్యం ఎందుకైందో కారణం రాసి జతచెయ్యమన్నాడు. బయట బల్ల మీద కూర్చుని ఆమె నావైపు చూసింది. ఏం రాయమంటావక్కా అంది. కలం నేను తీసుకున్నాను. మా సంఘం రాజీ చేయించిందని, ఇది పనిలో తగిలిన గాయమని మాకు తెలియక ఆమెను వెనక్కి లాగామని రాసి, కింద నా సంతకం, సంఘం ముద్ర వేసి ఇచ్చాను.